ఫ్రిజ్ మెకానిక్‌కు ఏ బాధా లేదట

తన తమ్ముడిలాంటి మనిషి పగవాళ్ళ ఇంట్లో కూడా పుట్టకూడదని ఆవిడ అంటుంది. చాటుగా కాదు, తమ్ముడి మొహం మీదే అంటుంది. దానికీ అతను ఊఁ కొడతాడు. అదిగో, ఆ ఊఁ కొట్టడమే ఆవిడకు ఒళ్ళుమంట. నేనేం చేశానక్కా అని ఒక్కసారి ఎదురుతిరిగితే ఏం పోయింది ఈ మహానుభావుడికి?

చిన్నప్పటినుంచీ అంతే. బిగుతు బూట్లు కొనిస్తే వేళ్ళు బొబ్బలెక్కేదాకా వాటితోనే బడికి నడిచాడు. ఎలా ఉన్నాయిరా అని అమ్మ అడిగితే బాగున్నాయన్నాడు. పెద్దయ్యాక ఫ్రిజ్‌లు బాగుచేసే పని నేర్చుకుని కొట్టు పెట్టాడు. షట్టరు ఎత్తితే లోపల తలుపులు ఊడదీసిన ఫ్రిజ్‌లు, చుట్టలు చుట్టిన రాగి గొట్టాలు, గ్యాస్ సిలిండరు, ఒక్క మనిషి ఒదిగి కూర్చునే చోటు. పనిలో మాత్రం చెయ్యి తిరిగినవాడు. బేరమాడి విసిగించేవాళ్ళకూ, ఆదివారం భోజనం మీదనుంచి లేపి లాక్కుపోయేవాళ్ళకూ అతని జవాబు ఒక్కటే, పర్లేదండీ అని.

అక్కేమో బస్ స్టేషన్‌లో టికెట్ కౌంటర్ వెనక కూర్చుంటుంది. వరస తప్పేవాళ్ళతో, చిల్లర లేదనేవాళ్ళతో పొద్దస్తమానం నోరు చేసుకోవడమే ఆమె ఉద్యోగం. మైకు పాడైన రోజున కూడా బస్సులు ఆగలేదంటే ఆమె గొంతు పుణ్యమే. వీళ్ళిద్దరూ ఒక్క కడుపున పుట్టారంటే కొత్తవాళ్ళు నమ్మరు.

అలాంటి ఇద్దరూ లోపల అచ్చుగుద్దినట్టు ఒకటేనని డాక్టరు చెప్పిన రోజున, మరదలు ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వేసింది. తమ్ముడికి రక్త క్యాన్సర్. మందులతో అణిచారు గాని, అది మళ్ళీ తలెత్తకుండా ఉండాలంటే ఎముకల్లోని పాడైన మూలుగను తుడిచిపెట్టి, సరిపోయే మనిషి మూలకణాలు ఎక్కించాలన్నారు. అక్కవి సరిపోయాయి. సూది పేరెత్తితే చాలు ఆవిడకు పైప్రాణాలు పైనే పోతాయి. ముందుగా ఇంజెక్షన్లు, వాటి మూలాన ఎముకలన్నీ సలుపు, ఆ తర్వాత రెండు చేతులకూ గొట్టాలు తగిలించి మిషన్ పక్కన పడుకోబెట్టడం. ప్రతిదానికీ వార్డంతా వినపడేలా గొడవ చేసింది. గొడవ చేస్తూనే అన్నీ చేయించుకుంది. సంచిలోని కణాలు తమ్ముడి ఒంట్లోకి దిగుతుంటే, ఇకమీదట నీకూ నోరొస్తుందిలే అని వెక్కిరించింది కూడా.

అవి ఎక్కించడానికి ముందే, ఓ కొత్త మందును రోగుల మీద పరీక్షించి చూసే ట్రయల్ మాట వచ్చింది. ఇచ్చినవాళ్ళ కణాలు కొత్త ఒంటిని పరాయిదనుకుని మీదపడే ప్రమాదం ఉంటుందట. దాన్ని ఆపడానికి మామూలు మందులు అందరికీ ఇస్తారు. వాటికి తోడు కొందరికి కొత్త బిళ్ళ, మిగిలినవాళ్ళకు చూడ్డానికి అలాగే ఉండే ఉత్త బిళ్ళ. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చు, వైద్యం మాత్రం ఆగదు. ట్రయల్ పని చూసే నర్సు ఇదంతా ఓపిగ్గా చెప్పింది. అక్క గుక్క తిప్పుకోకుండా ప్రశ్నలు వేసింది. ప్రాణం తాకట్టు పెట్టేవాడు మాత్రం ఒక్కటీ అడగలేదు. పాపం, ఆ అమ్మాయి అంతసేపు చెప్పాక కాదంటే ఏం బాగుంటుందని సంతకం పెట్టేశాడు. ఆసుపత్రి మంచం మీద కూడా మొహమాటమేనా అని అక్క నెత్తి కొట్టుకుంది. తర్వాత ఆలోచిస్తే ట్రయల్‌లో తప్పేమీ కనపడలేదు గాని, అతను ఒప్పుకున్న తీరు మాత్రం ఆమెకు మింగుడు పడలేదు.

ఇంటికొచ్చాక, ఆసుపత్రికి వెళ్ళే రోజుల మధ్యలో నర్సు ఫోన్ చేసి కనుక్కునేది. దద్దుర్లున్నాయా, దురదా, నోట్లో పుళ్ళా, విరేచనాలా, ఆకలి వేస్తోందా అని వరసగా అడగాలి ఆ పిల్ల. ఇతను ఆమెను సగం కూడా అడగనివ్వడు. అంతా బ్రహ్మాండంగా ఉందమ్మా, ఇంతకీ మీరు భోంచేశారా అంటాడు. ఆమె నవ్వేది. అలా నవ్వించినందుకు ఇతను ఆ పూటంతా హుషారుగా ఉండేవాడు.

ఒకరోజు అక్క డ్యూటీ దిగి వచ్చింది. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని హాల్లో అడుగుపెట్టేసరికి తమ్ముడు అంత ఉక్కలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని, కాళ్ళకు మేజోళ్ళు తొడుక్కుని కూర్చున్నాడు. రిమోట్‌ను వేలి కొసలతో అంటీముట్టనట్టు పట్టుకున్నాడు. పళ్ళెంలో పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆమె కూర్చున్న కాసేపట్లోనే మాటిమాటికీ బాత్‌రూమ్‌కు లేచాడు. ఏమైందిరా అంటే ఏమీ లేదన్నాడు. మరదలి వైపు చూస్తే ఆమె చటుక్కున వంటింట్లోకి తప్పుకుంది.

ఊరుకునే మనిషా ఆవిడ? వెనకాలే వెళ్ళి నిలదీసింది. మరదలు కాసేపు నీళ్ళు నమిలి, చివరికి స్టవ్ తుడుస్తున్న గుడ్డతోనే కళ్ళు తుడుచుకుంది.

"ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు వదినా. ముఖ్యంగా మీకు."

ముఖ్యంగా తనకెందుకో ఆలోచించే ఓపిక అప్పుడు ఆమెకు లేదు. గబగబా హాల్లోకి వచ్చి తమ్ముడి చొక్కా చెయ్యి పైకి మడిచింది. మోచేతిదాకా ఎర్రగా కందిపోయి ఉంది. అరచేతులు వేడి పెనం మీద ఆనించినట్టున్నాయి. సబ్బు పడలేదేమో అన్నాడతను. ఆ మాటతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఒరేయ్, ఫ్రిజ్‌లో ఐసు గడ్డని కత్తితో పొడిచి, గొట్టానికి చిల్లుపెట్టి, మేమేం ముట్టుకోలేదండీ అంటారు చూడు, వాళ్ళ గురించి నా దగ్గర ఎంత గొణుగుతావు? ఉన్నది చెప్పి చస్తేనే కదా బాగుచేసేది అంటావు. మరి నువ్వు చేస్తున్నదేంటి?"

అతను తలొంచుకున్నాడు. బాగున్నానంటే ఆ నర్సమ్మాయి ఎంత సంతోషిస్తుందో తెలుసా, వాళ్ళ మందుకు మంచి పేరు రావాలి కదా అన్నాడు. అక్కకు నవ్వాలో, ఏడవాలో, ఒకటి అంటించాలో తెలియలేదు. ఫోన్ లాక్కుని నర్సుతో అంతా చెప్పేసింది. ఉన్నపళంగా తీసుకురమ్మంది నర్సు.

టాక్సీలో అతను ఒక్కమాటే మాట్లాడాడు. వాళ్ళకు అనవసరంగా శ్రమ ఇస్తున్నామేమో అన్నాడు. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ పళ్ళు కొరుక్కుంది.

ఆసుపత్రి గదిలో ఓ బల్ల, బరువు తూచే మిషన్, కాగితం పరిచిన ఎత్తు మంచం ఉన్నాయి. నర్సు ఈసారి నవ్వలేదు. ఇన్నాళ్ళూ తను నమ్మిన మాటలన్నీ ఆ చేతుల మీద కనిపిస్తుంటే ఆ అమ్మాయి మొహం మాడిపోయింది.

"మీరు బాగుందంటే మేము నిజమనుకుంటాం సార్. రేపు దాన్నే నమ్మి ఈ మందు ఇంకొకరికి ఇస్తారు. ఇందులో ఎవరికీ మేలు లేదు."

అతను వెంటనే క్షమించమన్నాడు. తప్పు చేసినందుకు కాదు, ఆమెను బాధపెట్టినందుకు. ఈ మనిషిని ఏం చేసుకోవాలి?

డాక్టరు వచ్చి చర్మం చూశాడు, పొట్ట నొక్కి చూశాడు. ఎక్కించిన కణాలే దాడి చేస్తున్నాయన్నాడు. పేగుల్ని కూడా పట్టుకున్నట్టుంది, అక్కడ ముదిరితే ప్రాణానికే ముప్పు, ఇవాళే చేర్చుకుని స్టెరాయిడ్లు మొదలుపెడదామన్నాడు. ఎంత మోతాదు ఇవ్వాలో ఎంత ముదిరిందన్న దాన్నిబట్టి ఉంటుంది కాబట్టి, ఒక్కటి కూడా దాచకుండా నర్సుకు చెప్పమని మంచం సంగతి చూడ్డానికి వెళ్ళాడు.

నర్సు కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది. తమ్ముడు నర్సు వైపు చూశాడు, అక్క వైపు చూశాడు, మళ్ళీ నేలకేసి చూశాడు. చివరికి, నువ్వు కాసేపు బయట కూర్చో అక్కా అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఆమెను ఒక పని చెయ్యమనడం అదే మొదలు. నేనెక్కడికీ కదలను, నా ముందు చెప్పడానికి ఏం రోగం అంది ఆమె.

"అవి నీవే కదక్కా. అంత భయపడుతూ అన్ని సూదులు పొడిపించుకుని ఇచ్చావు. అవే నన్నిలా పీక్కుతింటున్నాయని నీ ఎదురుగా ఎలా చెప్పేది?"

అంటే ఇతను ఇన్నాళ్ళూ దాచింది నర్సు కోసం కాదు, మందు పేరు కోసమూ కాదు. ఎక్కించిన కణాలని డాక్టరు అన్నప్పుడు కూడా అవి తనవేనన్న సంగతి ఆమెకు తట్టనే లేదు. ఇతనికి మాత్రం మొదటి దద్దురు లేచిన రోజే తట్టినట్టుంది. అక్క మనసు కష్టపెట్టడంకన్నా చావడం నయమనుకున్నాడు, వెధవ. అంత కోపం ఆమెకు జన్మలో ఎవరి మీదా రాలేదు. చెంప పగలగొట్టాలనిపించింది, ఒళ్ళోకి తీసుకుని భోరున ఏడవాలనిపించింది. ఏడిస్తే ఇక అతను చచ్చినా నోరు తెరవడు. అందుకని కుర్చీ లాక్కుని, అతనికి వీపు పెట్టి, గోడకేసి తిరిగి కూర్చుంది.

"ఇప్పుడు నా మొహం కనపడదు కదా. ఆ అమ్మాయిని చూసి చెప్పు. అవి ఏమేం చేశాయో అన్నీ చెప్పు."

తమ్ముడు ఆ వీపు వైపు చూశాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. అరికాళ్ళు నేల మీద ఆననివ్వడం లేదన్నాడు. ఒంటి మీద దుప్పటి పడితే మంట అన్నాడు. స్క్రూడ్రైవర్ పట్టుకుని చూస్తే అరచెయ్యి చర్మం దానికే అంటుకుని వచ్చిందన్నాడు. పొట్టలో మెలిపెడుతుందన్నాడు. గొంతు తగ్గించి, నిన్నటినుంచి రక్తం కూడా పడుతోందన్నాడు. మనిషి మాట పూర్తి కానిచ్చే అలవాటు లేని అక్క, ఒక్కో మాటకూ పిడికిట్లో కొంగు నలుపుకుంటూ, అడ్డు రాకుండా విన్నది.

ఇంతేనా సార్ అని నర్సు అడిగింది. అతను ఆగాడు. అక్క వీపు కదల్లేదు.

"ఇంకా ఉందమ్మా," అన్నాడు.