బొట్టు పెట్టుకున్న సీడీ

హోసూరులో మా చిన్నప్పుడు... ఆయుధపూజ నాడు బొట్టు తప్పించుకున్న వస్తువు ఉండేది కాదు. అంగట్లో తక్కెడ, ఇంట్లో కత్తిపీట, కుట్టుమిషను... అన్నిటికీ అమ్మ పెట్టే పసుపు, కుంకుమ. నాయన సెకండ్‌హ్యాండులో కొన్న కారుకైతే పెళ్లికూతురి అలంకారమే.

ఆ కారు స్టీరియోలో సీడీ ప్లేయరు ఉండేది. మా అవ్వకు కావలసింది ఒకే ఒక్క సీడీ. తళి అనే ఊళ్లో ఉండే అవ్వ చెల్లెలు, మా చిన్నవ్వ, ఒక పెళ్లిలో నలుగు పాటలు పాడుతుంటే వీడియో తీసే ఆయన రికార్డు చేసి ఇచ్చాడు. చిన్నవ్వ ఆ ఏడే పోయింది. ఇంకో కాపీ లేదు. నాయన అంగడి నుంచి రాగానే అవ్వ వెళ్లి వెనక సీట్లో కూర్చునేది... కారు కదలనక్కర్లేదు, పాట వస్తే చాలు.

పూజ మరునాడు ఆ సీడీ పెడితే లోపల టకటకమని చప్పుడు. పాట రాలేదు. బటన్ నొక్కితే సీడీ కూడా బయటికి రాలేదు.

నాయన డాష్‌బోర్డు మీద నాలుగు దెబ్బలు వేశాడు. మా ఇంట్లో రేడియోకు, టీవీకి, మిక్సీకి అన్నిటికీ అదే వైద్యం... "ఫ్యూజు పోయినట్టుండాది" అన్నాడు. ఫ్యూజు పోతే స్టీరియోలో లైటు ఎట్లా వెలుగుతుందని నేనడిగాను. సందులో దూర్చి లాగుదామని స్క్రూడ్రైవరు తెచ్చాడు.

"వద్దప్పా, గీత పడతాది" అంది అవ్వ. "నా చెల్లెలిది నాకుండేదే అదొకటి."

నాకప్పుడు పదమూడేళ్లు. ఏ మిషనైనా నా చేతికి వస్తే దారికొస్తుందని నా నమ్మకం... ఇప్పటికీ అంతే. స్క్రూడ్రైవరు లాక్కుని పక్కన పెట్టాను. బండి ఆపి, కాసేపాగి, తాళం సగం తిప్పి, బటన్‌ను వదలకుండా నొక్కి పట్టాను. గుర్రుమంటూ సీడీ బయటికొచ్చింది. సినిమా పాటల సీడీ వేసి చూస్తే చక్కగా పాడింది. అంటే ప్లేయరుకు ఏ రోగమూ లేదు. అవ్వ సీడీ తిప్పి చూశాను... మెరిసే వైపు ఎండిన పసుపు, దాని మీద కుంకుమ.

అందరం అమ్మ వైపు చూశాం.

"ఆయమ్మ పసుపు కుంకుమలతో పోయిన మనిషి. అన్నిటికీ పెట్టి ఆమె గొంతుండే దానికి పెట్టకుంటే ఎట్లా? మెరిసేదే మొగమనుకొంటిని."

నాయనకు నవ్వు ఆగలేదు. నేను మెత్తటి పాత పంచె ముక్క తడిపి, గుండ్రంగా రుద్దకుండా, నడుమ నుంచి అంచుకు తుడిచాను. ఆరనిచ్చి లోపలికి తోశాను.

కాసేపు ఏమీ లేదు... తర్వాత చిన్నవ్వ గొంతు.

అవ్వ కళ్లు తుడుచుకుంటూ విన్నది. రెండో పాట మధ్యలో "ఆడ తప్పు పాడతాది, ఎన్ని తూర్లు చెప్పినా వినదు" అని విసుక్కుంది. చెల్లెలు పక్క సీట్లోనే ఉన్నట్టు.

ఆ వారమే నాయన దాన్ని కాపీ చేయించాడు. ఇప్పుడు కార్లలో సీడీ పెట్టే సందే లేదు. ఆ పాటలు మా అందరి ఫోన్లలో ఉన్నాయి... అవ్వే లేదు. చెల్లెలి గొంతు కోసం ఇంటిల్లిపాదీ అంత కష్టపడ్డాం కదా... పక్కనే కూర్చున్న అవ్వ గొంతు రికార్డు చేసుకోవాలని ఎవరికీ తోచలేదు.

మీ ఇంట్లో పాడే పెద్దవాళ్లుంటే, ముందు ఫోను తీసి వాళ్ల పక్కన కూర్చోండి. ఎవరి గొంతు దాచుకున్నారో తర్వాత వచ్చి కింద చెప్దురు గాని...