ఎడమచేతి బ్రేకు

నాకు మోటార్‌సైకిల్ నేర్పింది భవానీపురంలో మా పక్కింటాయన, రిటైరైన బస్సు డ్రైవరు. నాది పదేళ్లు గేర్లులేని స్కూటర్ నడిపిన చెయ్యి. కంగారుపడితే ఎడమచేత్తో బ్రేకు నొక్కేస్తుంది. మోటార్‌సైకిల్‌కి అక్కడుండేది క్లచ్. కరకట్ట దిగేటప్పుడల్లా అదే నొక్కేదాన్ని. బండి ఇంకా జోరుగా జారేది.

"బ్రేకు పడట్లేదు బాబాయ్‌గారూ!"

ముప్పై ఏళ్లు బస్సు బ్రేకు తొక్కిన కుడికాలితో ఆయన నా వెనక సీట్లో కూర్చుని ఉత్త ఫుట్‌రెస్టును తొక్కుతూ, "అటు బ్రేకు లేదమ్మా, లేదు" అనేవారు. పాపం, అంతకుమించి ఏం చేయగలరు?

ఆయన్ని చివరిసారి చూసింది వాళ్ల గేటు దగ్గర, గుండెనొప్పితో అంబులెన్సు ఎక్కిస్తున్నప్పుడు. లోపల వాళ్లావిడకే చోటుంది. తలుపు వేశారు. అంబులెన్సు కదులుతుంటే నా ఎడమచెయ్యి దానంతటదే గట్టిగా బిగుసుకుంది.

అటు బ్రేకు లేదని చెప్పడానికి వెనక ఎవరూ లేరు.