కంట్లో ఇనుప రజను

మా బావ ముప్పై ఏళ్ళు లేతు మిషను ముందు నిలబడ్డాడు. వెంట్రుకవాసి తేడా కూడా కంటితోనే పట్టేసేవాడు. ఎవరైనా స్కేలు తీస్తే, "ఏం, కళ్ళు ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అని ఏడిపించేవాడు. ఆ నోటి దురుసు చూసే మా అక్కనివ్వడానికి నాన్న నెల రోజులు ఆలోచించాడు.

పోయినేడు ఆయన గుండెకి బైపాస్ చేశారు. కోలుకున్నట్టే కోలుకుని మళ్ళీ మంచాన పడ్డాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మిగతా పరీక్షల్లో ఏదీ తేలలేదు. ఎమ్మారై తీస్తే గుండె కండ బతికుందో లేదో తెలుస్తుందన్నాడు డాక్టరు. బతికుంటే మళ్ళీ ఆపరేషన్ చేస్తారు, లేకపోతే మందులే. మందులతో ఎన్నాళ్ళో ఆయన చెప్పలేదు. అక్క మాత్రం ఆపరేషన్ అన్న ఆ మొదటి మాటే పట్టుకుని కూర్చుంది.

స్కానింగ్ గది బయట టెక్నీషియనమ్మ కాగితం నింపుతూ అడిగింది. "బైపాస్‌లో ఛాతీ ఎముకకి కట్టిన తీగలతో ఇబ్బంది లేదండీ. ఏం పని చేసేవారు?"

"లేతు పని," అన్నాడు బావ గర్వంగా.

ఆమె రాయడం ఆపింది. "కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా?"

"పడకుండా ఉంటుందా తల్లీ! మా బావమరిది అయస్కాంతంతో తీసేసేవాడు. మా షాపుకి కంటి డాక్టరు వీడే!"

కళ్ళకి తీసిన ఎక్స్‌రేలో కుడి కనుగుడ్డుని ఆనుకుని, నువ్వుగింజలో సగమంత ముక్క కనబడింది. ఎమ్మారై మిషనులోకి వెళ్తే, అందులోని అయస్కాంతానికి అది కదిలి కన్ను చీలుస్తుందట. దాన్ని తీయాలంటే పూర్తి మత్తివ్వాలి, ఈ గుండెతో అందుకు ఎవరూ ఒప్పుకోలేదు.

"ఒక కన్ను పోతే పోనివ్వండమ్మా, రెండోది ఉందిగా!" అంటూ అక్క టెక్నీషియనమ్మ చేతులు పట్టుకుంది. ఆమె కుదరదంది.

ఆ ముక్క సంగతి నాకు తెలుసు. పదకొండేళ్ళ కిందట, సాయంత్రంలోగా షాఫ్టులు పంపాల్సిన రోజున, బావ కన్ను పట్టుకుని కూలబడ్డాడు. రెండుసార్లు అయస్కాంతం పెట్టాను. ఏమీ అంటలేదు. ఆసుపత్రికి పోతే పని ఆగిపోతుందని, నేల మీది రజను కాస్త అయస్కాంతానికి అంటించి చూపించాను. "వచ్చేసింది బావా," అన్నాను. నా నోరు పడిపోనూ! రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది, నేనూ మర్చిపోయాను.

బెంచీ మీంచి బావ నన్నే చూస్తున్నాడు.

"ఆరోజు వచ్చేసిందన్నావు కదరా?"

"వచ్చిందనే అనుకున్నాను బావా."

ఆయన చాలాసేపు నా మొహం నుంచి కళ్ళు తిప్పలేదు. తర్వాత అక్క వైపు తిరిగాడు.

"నేను పోయాక మీ తమ్ముణ్ణి ఏమీ అనకు," అన్నాడు.