మోటార్‌సైకిల్ స్ప్రింగుల మీద మేనమామ

పార్కిన్సన్స్ ఉన్నవాణ్ణి చూసి నవ్వకూడదని మీకెవరైనా నేర్పి ఉంటే, ఈ కాసేపు ఆ మర్యాద పక్కన పెట్టండి. నాలుగేళ్ల కిందట, మా అక్క కూతురి పెళ్లికి తొమ్మిది రోజుల ముందు, నేను నా చేతులతో తయారుచేసిన యంత్రమే నన్ను గాల్లోకి విసిరేసింది. తప్పు రోగానిది కాదు. రోగానికి అంత తెలివి లేదు. తప్పు నూటికి నూరు పాళ్లూ నాదే.

హోసూరులో ఒక మోటార్‌సైకిళ్ల ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు షాక్ అబ్జార్బర్లు బిగించాను. ఆ గర్వం నెత్తికెక్కి కూర్చుంది. కుడిచేయి వణకడం, అడుగులు కుంచించుకుపోవడం మొదలయ్యాక కూడా అది దిగలేదు. అంతలో అక్క కూతురు పవిత్రకు బర్గూరులో పెళ్లి కుదిరింది. మా ఇళ్లలో పెళ్లికూతురి చేయి పట్టుకుని పీటల దాకా నడిపించేది మేనమామ. అంటే నేను.

బావ నెమ్మదిగా మొదలుపెట్టాడు. "నీకెందుకప్పా కష్టము? కుర్చీలో కూర్చో. నీ తమ్ముడు తోలుకొస్తాడులే."

"నేను ఎత్తుకుని పెంచిన బిడ్డ బావా. నేనే నడిపిస్తాను."

"పొయ్యే దావలో పడిపోతే?"

"పడితే లేస్తాను. నువ్వు పందిలి సంగతి చూసుకో."

మాటైతే అనేశాను, కాళ్లు వినాలి కదా. ఫిజియోథెరపీ చేసే సుధ అనే అమ్మాయి దగ్గరికి వెళ్లాను. ఆమె గదిలో చిన్న ట్రాంపోలిన్ ఉంది. గుండ్రటి చట్రం, చుట్టూ స్ప్రింగులు, నడుమ బిగించిన నల్లగుడ్డ, ముందు పట్టుకోవడానికి కడ్డీ. కడ్డీ వదలకుండా దాని మీద మోకాళ్లు ఎత్తుతూ ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి. కాళ్ల కింద మెత్తగా కదులుతుంటే ఒళ్లు సర్దుకుని నిలబడడం నేర్చుకుంటుందట. రెండు వారాలకు నా బెత్తెడు అడుగు జానెడయింది.

కానీ అక్కడికి పోయేది వారానికి రెండు రోజులే. నాకు రోజూ కావాలి.

"అట్లాంటిది ఒకటి కొనేద్దామయ్యా," అంది మా ఆవిడ రత్నమ్మ.

"స్ప్రింగులు కొనేదా? నేనా?"

శని సరిగ్గా అక్కడే పట్టింది. తెలిసిన మెకానిక్ దగ్గర పాత మోటార్‌సైకిల్ స్ప్రింగులు ఆరు తెచ్చి, పొడవాటి పలక కింద బిగించాను. నీలం రంగు కూడా వేశాను. ఎక్కి నిలబడితే బండరాయిలా కదల్లేదు. మరి కదులుతుందా? ఇద్దరు మనుషుల్ని, ఒక మూటని మోసే బండి స్ప్రింగులవి. ఎండిపోయిన నాలాంటివాణ్ణి లెక్కచేస్తాయా? ఈ ముక్క నాకు తెలియదనుకునేరు, బాగా తెలుసు. అప్పుడు నా బుర్ర చెప్పిందేమిటంటే, బరువు చాలకపోతే బరువు పెంచమని.

"రత్నమ్మా, నువ్వూ ఎక్కు."

"నేనెందుకయ్యా?"

"స్ప్రింగు అణగల్ల. నీ పక్క కొంచెం బరువెక్కువ కదా."

ఈ మాట అన్నందుకే నాకా శాస్తి జరిగిందని ఆమె ఇప్పటికీ వాదిస్తుంది. పలకకు అటు చివర ఆమె, ఇటు చివర నేను, నడుమ రెండు రాగుల మూటలు. అప్పుడు అణిగింది. ఎంత హాయిగా ఊగిందో ఏం చెప్పమంటారు. మూటల మీదుగా చేతులు పట్టుకుని ఒకటి, రెండు, ఒకటి, రెండు అంటూ చిన్నపిల్లల్లా నవ్వాం.

లోపల పాలు పొంగాయి.

"అయ్యో, పాలు," అని ఆమె నా చేతులు వదిలేసి దిగిపోయింది. ఆమె వైపు పలక చటుక్కున పైకి లేచింది. మూటలు నా మీదికి దొర్లాయి. నేను వెనక్కి ఎగిరి, దోసెలకు నానబోసిన బియ్యం గంగాళంలో కూర్చున్నాను. కూర్చోవడం కుదురుగానే కూర్చున్నాను గానీ, చీలమండ మెలి తిరిగింది.

రత్నమ్మ వచ్చి ముందు బియ్యం చూసింది. "రేపు దోసెలు లేవు," అంది. ఆ తర్వాత నా కాలు చూసి ఏడ్చింది.

మర్నాడు సుధ విచారణ జరిపింది.

"కడ్డీ యాడ సార్?"

"పెట్టలేదమ్మా."

"పక్కన ఎవురన్నా ఉండారా?"

"ఉండింది. పాలకు పోయింది."

ఆ అమ్మాయి నవ్వు దాచుకోవడానికి బల్ల మీది కాగితాలన్నీ రెండుసార్లు సర్దింది. కాలికి కట్టు కట్టి, వాపు తీశాక ఆఖరి మూడు రోజులు మళ్లీ కడ్డీ పట్టుకుని నిలబడనిచ్చింది. "నడిచేటప్పుడు కాళ్లు నేలకు అతుక్కుంటే ముందుకు తోసుకోవద్దు సార్. నిలబడినచోటే తొక్కండి, లెక్కపెట్టండి, ఆమీట కదలండి," అని చెప్పి పంపింది.

పెళ్లిరోజు కాలికట్టుతోనే పవిత్ర చేయి పట్టుకున్నాను. కల్యాణమండపం గడప దగ్గర నా రెండు కాళ్లూ నేలకు అతుక్కుపోయాయి. ముందు మేళం, వెనక బంధువులంతా. బావ మా తమ్ముడికి సైగ చేయడం కూడా చూశాను. సిగ్గు, భయం, కోపం మూడూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఏడుపొక్కటే తక్కువ.

"మామా, ఏం చేయల్ల?" అంది పవిత్ర నెమ్మదిగా.

"నిలబడినచోటే తొక్కల్ల. నువ్వు లెక్కపెట్టు."

"నేనూ తొక్కుతాను పద."

పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, నాతోపాటు అక్కడే మోకాళ్లు ఎత్తుతూ గట్టిగా లెక్క అందుకుంది. డోలు వాయించేవాడు ఆ వరస పట్టేశాడు. వెనకున్న ఆడవాళ్లు ఎందుకో ఏమిటో తెలియకుండానే తొక్కడం మొదలుపెట్టారు. నా కుడికాలు లేచింది. గడప దాటాను. తమ్ముడి చేయి నన్ను తాకకుండానే బిడ్డను పీటల దాకా తీసుకెళ్లాను.

ఇదేం వింతని మగపెళ్లివారు అడిగితే, బావ తడుముకోకుండా, "మా ఇండ్ల ఆచారమప్పా. తాతల నాటిది," అనేశాడు. ఆ తర్వాత మా బంధువుల్లో జరిగిన రెండు పెళ్లిళ్లలోనూ గడప దగ్గర అందరూ ఆగి తొక్కారు. రెండోదాంట్లో ఎవరో మరిచిపోబోతే బావే కేకలేశాడు.

నేను మాత్రం ఇక ఈ జన్మలో మోటార్‌సైకిల్ స్ప్రింగు మీద కాలు పెట్టనని, రత్నమ్మ నెత్తి మీద చేయి పెట్టి ఒట్టేశాను. చేయి గడగడా వణికింది.

"వణికితే ఒట్టు చెల్లదయ్యా," అంది.

"చెల్లుతుంది. అది భయానికి వణికేది కాదు," అన్నాను.