శవం తుమ్మకూడదు

మా మామయ్య రిహార్సల్ లేకుండా ఏ పనీ చేయడు. సైన్యంలో ముప్పై ఏళ్లు కుర్రాళ్లకు కవాతు నేర్పి రిటైరయ్యాడు. ఆ తరవాత నేర్పడానికి మేమే మిగిలాం.

పన్ను పీకించుకోవడానికి వెళ్లే ముందు రోజు పడక్కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నాడు. అత్తయ్య టార్చిలైటు పట్టుకుని డాక్టరు అవతారం ఎత్తింది.

"ఇంకా ఎంతసేపండీ? పొయ్యి మీద పాలున్నాయి."

"డాక్టరు అలా అనడు. మళ్లీ మొదట్నుంచి!"

నా ఉద్యోగం ఇంటర్వ్యూకైతే, కుర్చీలో ఎలా కూర్చోవాలో పద్దెనిమిది సార్లు చేయించాడు. తీరా అక్కడ నన్నెవరూ కూర్చోమననేలేదు.

మా వీధి చివర లారీ తాతయ్య ఉండేవాడు. సైన్యంలో ఇరవై రెండేళ్లు లారీ నడిపిన మనిషి. సాయంత్రమైతే ఆయనా మామయ్యా సైన్యం కబుర్లతో పొద్దుపుచ్చేవాళ్లు. ఒకరోజు పొద్దున్నే ఆస్పత్రిలో కన్నుమూశాడు. తాను పోయినప్పుడు పైన జెండా కప్పాలి, బ్యూగిల్ ఊదాలి అన్నది ఆయన ఒకే ఒక్క కోరిక. ఆయన భార్య మామ్మగారు ఆ మాట మామయ్య చెవిన వేసింది.

మామయ్య మాజీ సైనికుల కార్యాలయానికి ఫోన్ చేశాడు.

"సైన్యం ఇచ్చిన డిశ్చార్జి కాగితం ఉందా? ఒంటిగంట లోపల తెస్తే రేపటికి ఏర్పాటు చేస్తాం. లేకపోతే లేదు."

బీరువా, ట్రంకుపెట్టె, అటక అన్నీ గాలించాం. చివరికి కుట్టుమిషన్ సొరుగులో దారపుండల కింద దొరికింది. ఒంటిగంటకు మూడు నిమిషాలుందనగా మామయ్య స్కూటర్ ఆ ఆఫీసు ముందు వాలింది. అన్నీ ఖాయమయ్యాయి. మర్నాడు పదింటికి సైనికులొస్తారు, మూడుసార్లు తుపాకులు పేలుస్తారు, బ్యూగిల్ ఊదుతారు, ఆఖర్న జెండా మడిచి మామ్మగారి చేతిలో పెడతారు.

"అయితే నాలుగింటికి రిహార్సల్!" అన్నాడు మామయ్య.

మోయడానికి మామ్మగారింటి ముందుకి సెలూన్ ఆయన, టైలరు, పోస్ట్‌మాన్, మందుల షాపాయన వచ్చారు. శవపేటిక బదులు మా మడతమంచం.

"బరువుండాలి. నువ్వు పడుకోరా!"

పడుకున్నాను. నలుగురూ లేపారు. టైలరు పొట్టి కావడంతో మంచం అటు ఒరిగింది. దాంట్లోని దుమ్మంతా నా ముక్కులోకి పోయి తుమ్మొచ్చింది.

"శవం తుమ్మకూడదు! మళ్లీ మొదట్నుంచి!"

"రేపు పడుకునేది నేను కాదుగా మామయ్యా!"

"శవం మాట్లాడనూ కూడదు!"

తుపాకుల బదులు టైలరు కాగితం సంచులు ఊది పగలగొట్టాడు. మొదటి చప్పుడికి అరుగు మీదున్న మామ్మగారు ఉలిక్కిపడింది.

"ఇలాంటివి మూడే పిన్నిగారూ. లెక్కపెట్టుకోండి, చాలు."

ఆఖరి సంచికి ఆవిడ "మూడు" అని పైకే అనేసింది.

అంతటితో ఊరుకున్నాడా? జెండా బదులు ఒక దుప్పటి చంకన పెట్టుకుని మామ్మగారితో ముందుగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. గంటయినా రారు. లోపల్నుంచి "మళ్లీ మొదట్నుంచి" అన్న మాట వినిపిస్తూనే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. బయటికి రాగానే నిలదీశాను.

"ఇంత బాధలో ఉన్న మనిషిని కూడా వదలవా?"

"జెండా అందుకోవడమంటే మాటలు కాదురా" అని దుప్పటి దులుపుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు అంతా సవ్యంగా జరిగింది. టైలరు ఎత్తుమడమల బూట్లు ఎరువు తెచ్చుకోవడంతో పేటిక ఎటూ ఒరగలేదు. తుపాకులు పేలాయి. బ్యూగిల్ ఊదుతుంటే మందుల షాపాయన కళ్లు తుడుచుకున్నాడు. కుర్ర ఆఫీసరు జెండా మడిచి ముందుకు చాచాడు. మామ్మగారు తలెత్తి, రెండు చేతులతో అందుకుంది.

"మా ఆయన్ని గుర్తుపెట్టుకున్నారు, సంతోషం బాబూ" అంది. గొంతు ఎక్కడా వణకలేదు.

అందరూ వెళ్లాక నేను మెల్లగా ఆవిడ దగ్గరికి చేరాను.

"నిన్న మామయ్య మిమ్మల్ని మరీ విసిగించాడు. ఏమీ అనుకోకండి మామ్మగారూ."

"విసిగించడమేంటి నాయనా! మొదటిసారి ఆ దుప్పటి చేతిలో పెట్టగానే కూలబడి ఏడ్చాను. మీ మామయ్య పల్లెత్తు మాట అనలేదు. నేను లేచేదాకా నిలబడి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచి ఇచ్చాడు. మొత్తం పదిసార్లు మడతపెట్టాం. ఎనిమిదోసారికి నా ఏడుపంతా అయిపోయింది."

"మరి ఆ పైన రెండుసార్లెందుకు?"

మామ్మగారు జెండాను ఒళ్లో సర్దుకుని, ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వింది.

"అవి మీ మామయ్యవి. నేను మడిచిచ్చాను, ఆయన అందుకున్నాడు."