పచ్చ అంటే ఏ పచ్చ?

మాడిపోయిన మోటారుకి మళ్ళీ తీగ చుట్టి తిప్పే పని పచ్చ ఉద్యోగం (గ్రీన్ జాబ్) కాదని ఒక శిక్షణ కేంద్రంవాళ్ళు నాకు రాసి పంపారు. అది తప్పు. చిన్న తప్పు కూడా కాదు. అయినా ఆ సంగతికి ముందు ఇంకొకటి చెప్పాలి. పచ్చ అనే మాట నాకు అన్యాయం చెయ్యడం ఇది మొదటిసారి కాదు. యాభై ఏళ్ళ కిందట ఒకసారి చేసింది. అప్పుడు తీర్పు చెప్పినవాళ్ళకీ ఇప్పుడు కాగితం పంపినవాళ్ళకీ తేడా ఏమిటంటే, అప్పటివాళ్ళు కనీసం నన్ను ఎదురుగా నిలబెట్టి తిట్టారు.

మేము తరాల కిందట తమిళ నేల మీదికి వచ్చిన తెలుగువాళ్ళం, మాది తుడియలూరు. ఆ రోజుల్లో అక్కడ పని దొరికిందంటే పట్టరైలో దొరికిందనే అర్థం. (పట్టరై అంటే వర్క్‌షాపు. మా వీధిలో ప్రతి మూడో ఇంటి వెనకా ఒకటి ఉండేది. ఒకరు పంపు చేస్తే, ఒకరు దాని మూత చేసేవారు, మరొకరు ఆ మూతకి మర చేసేవారు.) ఆరో తరగతితో బడి వదిలేసి, అవీ ఇవీ చేసి, పంతొమ్మిదో ఏట ఒక పట్టరైలో చేరాను. దాని యజమాని మాకు దూరపు చుట్టం. ఇంట్లో మామ, పట్టరైలో ముదలాళి. గడప దాటగానే పిలుపు మార్చాలన్నది మా నాయన నాకు చేసిన ఏకైక ఉపదేశం. ఎనిమిది నెలలు ఇనుప రజను ఊడ్చాను, బోల్టులు సైజుల వారీగా ఏరాను, బావి పంపులు మోసి మోసి ఒక భుజం రెండోదానికంటే కిందికి దిగింది. నా కోరిక ఒక్కటే, వైరింగ్ బల్ల దగ్గరికి చేరడం. అక్కడ పని చేసేవాడు చొక్కా జేబులో టెస్టర్ పెట్టుకుని టీ అంగడికి వెళ్తాడు. ఆ టెస్టర్ క్లిప్పు జేబు బయట మెరుస్తుంటే టీ అంగడి మనిషి గ్లాసు కడిగి మరీ ఇస్తాడు.

ఆ బల్లకి పెద్ద ఒక మేస్త్రీ. తిరునెల్వేలి వైపు తమిళుడు కనుక అందరూ అన్నాచ్చి అనేవారు. తెలుగు ఒక్క ముక్క రాదు. మా ఇళ్ళలో తెలుగు, పట్టరైలో తమిళం, బిల్లు మీద ఇంగ్లీషు, ఏ పూటకి ఏ నాలుకో ఆ పూటకి బిగించుకునేవాళ్ళం. ఆ రోజు మేలూరు వైపునుంచి ఒక రైతు పంపు కొనడానికి వచ్చాడు. మన తెలుగువాడే, రేగడి నేల కమతం, మాట కొంచెం మోటు. నీళ్ళ తొట్టిలో పంపు తిప్పి చూపిస్తేనే తప్ప కొననన్నాడు. వైరింగ్ మనిషి ఆ రోజు రాలేదు. అన్నాచ్చి అటూ ఇటూ చూసి, వేరే దిక్కు లేక, స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టాడు. నాలుగు వైర్లు: ఎరుపు, పసుపు, నీలం, ఆకు రంగు. "పచ్చై వయరె బాడీయిలె కట్టు, మిచ్చం మూణు మేలె," అన్నాడు. పచ్చ వైరును మోటారు ఒంటికి కట్టు, మిగతా మూడూ పైన బిగించు అని అర్థం.

కట్టాను. మా ఇంట్లో పచ్చ అంటే పసుపు రంగు. మా అమ్మకి పచ్చ చీర అంటే పసుపు చీర. మా చిన్నాయనకి పచ్చకామెర్లు వచ్చినప్పుడు ఆయన కళ్ళు వేపాకులా ఏమీ కాలేదు, పసుపు ముద్దలా అయ్యాయి. కాబట్టి నేను ఎంతో శ్రద్ధగా, జీవితంలో ఇంత గట్టిగా ఇంకేదీ బిగించలేదన్నట్టుగా, పసుపు వైరును మోటారు ఒంటికి బిగించాను. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, పసుపు వైరులో కరెంటు వస్తుంది. ఆకు రంగు వైరు భూమిలోకి పోతుంది. నేను కరెంటును తీసుకెళ్ళి ఇనుముకి అంటించాను, ఆ ఇనుము నీళ్ళ తొట్టిలో ఉంది.

అన్నాచ్చి స్విచ్చి వేశాడు. టపాకాయల సంచీ మొత్తం ఒకేసారి పేలినట్టు ఒక్క శబ్దం. పట్టరైలో లేత్‌లు ఆగిపోయాయి, ఫ్యాన్లు ఆగిపోయాయి, పక్క పట్టరైలోంచి ఎవరో ఎవరి అమ్మనో తలుచుకున్నారు. దేవుడి దయవల్ల ఎవరి చెయ్యీ తొట్టి మీద లేదు. పొగ మెల్లగా పైకి లేస్తుంటే మేలూరు రైతు భుజం మీది తువ్వాలు సర్దుకుని, చాలా మర్యాదగా, "దినామూ ఇదే సద్దా దీనికి?" అని ముదలాళిని అడిగాడు. మరుసటి నిమిషంలో ఆయన వీధిలో ఉన్నాడు, ఎదుటి పట్టరై వైపు నడుస్తూ.

విచారణ అక్కడే, ఆ తొట్టి పక్కనే. అన్నాచ్చి నేను గుడ్డివాణ్ణన్నాడు. నేను చెప్పింది చెప్పినట్టే చేశానన్నాను. పచ్చైకీ మంజళ్‌కీ తేడా తెలియదా అని ఆయన (తమిళంలో పచ్చై అంటే ఆకు రంగే, పసుపును మంజళ్ అంటారు), మీరు పచ్చ అన్నారు, పచ్చే కట్టాను అని నేను. చివరికి ముదలాళి వైపు తిరిగి, గడప సంగతి మర్చిపోయి, "మామా, మన ఇంట్లో పచ్చ అంటే ఏ పచ్చ? నువ్వే చెప్పు," అన్నాను. ఆయన ముఖం మారింది. చెబితే మేస్త్రీ పోతాడు, చెప్పకపోతే తల్లిభాష పోతుంది. తప్పించుకోవడానికి ఆయన తన తల్లికి కబురు పెట్టాడు. పట్టరై వెనకే ఇల్లు. అవ్వ చీర కుచ్చెళ్ళకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రెండు వైర్లూ చూపించి ఇందులో పచ్చ ఏదని అడిగారు.

అవ్వ వైర్లను చూడలేదు, కొడుకును చూసింది. "దీనికా నన్ను పిలిచినావు? పొయ్యి మింద పులుసు ఉండాది. ఇది పసుపుపచ్చ, అది ఆకుపచ్చ. రెండూ పచ్చే. ఇంత వయసొచ్చి ఇది తెలియకుండా పంపు చేస్తా ఉండావా?"

ఆమె మాట నన్ను నిర్దోషిగా నిలబెట్టిందని నేటికీ నా వాదన. ముదలాళి మాత్రం వేరేలా తీర్చాడు. రెండూ పచ్చయినప్పుడు అడిగి తెలుసుకోవలసినవాడు కట్టేవాడు కానీ కట్టమన్నవాడు కాదట. వైరింగ్ బల్ల దగ్గరికి మళ్ళీ రావద్దన్నారు. వెనక దొడ్లో మాడిన మోటార్ల గుట్ట ఉండేది, నన్ను అక్కడికి తోశారు. పట్టరైలో దానికి శ్మశానం అని పేరు.

అక్కడి పని ఇది: మాడిన మోటారులోంచి పాత రాగి చుట్లు తీసి, కొత్త తీగ చుట్టే మనిషికి ఖాళీ చేసి ఇవ్వాలి. వార్నిష్ పట్టిన చుట్లు ఊరికే రావు, అందుకని అందరూ మోటారును మంటలో పడేసేవారు. నేనూ మొదటి రోజు పెద్ద మంట వేశాను. నల్లటి పొగ వంపు తిరిగి నేరుగా మిద్దె మీదికి వెళ్ళింది. మిద్దె మీద అవ్వ వడియాలు ఆరబెట్టింది. (ముందు రోజు ఆమె నా పక్షాన సాక్ష్యం చెప్పిందని గుర్తుంచుకోండి. ఆ ఋణం నేను ఇలా తీర్చుకున్నాను.) అవ్వ పిట్టగోడ మీదినుంచి ఒక వడియం నా ముందుకు విసిరింది. "నువ్వే తిను. తిని చెప్పు ఎట్లుండాదో," అంది. తిన్నాను. మోటారు రుచి. ఆ రోజుతో మంట బందు.

మంట లేకుండా చుట్లు తీయడం ఎలాగో ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. ఒక పక్క చుట్ల తలలు ఉలితో కోసి, మోటారును ఎండలో పెట్టి, వార్నిష్ మెత్తబడ్డాక రెండో పక్కనుంచి పటకారుతో ఒక్కొక్క కట్టగా గుంజడం కనిపెట్టాను. దొడ్లో ఎండ పడదు. మిద్దె మీదే ఎండ. ఆ వేసవంతా నేను మోటార్లను మెట్ల మీదుగా మోసుకెళ్ళి వడియాల పక్కన వరసగా ఆరబెట్టాను. కాకులు వస్తే అవ్వ రెండింటికీ కలిపి కాపలా కాసేది. ముదలాళి పొద్దునే పైకి చూసి, "ఏమప్పా, ఏది ముందు ఆరింది?" అనేవాడు, టీ అంగడి వరకూ వినపడేలా.

కొన్నాళ్ళకి ఒక విచిత్రం బయటపడింది. నేను ఎండలో పెట్టి గుంజిన మోటార్లు తిరిగి చుట్టాక ఎంతసేపు నడిచినా వేడెక్కేవి కావు. మంటలో కాల్చినవి ఎక్కేవి. మంటకి లోపలి ఇనుప రేకుల పూత చెడిపోతుందనీ, చెడితే కరెంటు ఊరికే వేడిగా వృథా అవుతుందనీ నేను చాలా ఏళ్ళకి పుస్తకాలు చూసి సొంతంగా తెలుసుకున్నాను. అప్పుడు నాకు తెలిసింది వడియాలు ఒక్కటే. అన్నాచ్చి ఒక మధ్యాహ్నం వచ్చి, తిరుగుతున్న మోటారు మీద అరచెయ్యి ఆనించి, యాభై వరకూ లెక్కపెట్టాడు. చెయ్యి తియ్యలేదు. తన జేబులోని టెస్టర్ తీసి నా జేబులో పెట్టి వెళ్ళిపోయాడు. వైరింగ్ బల్లకి మళ్ళీ పిలిచారు కూడా. నేను వెళ్ళలేదు. రోషం అనుకున్నాను అప్పట్లో. నిజానికి మిద్దె మీద గాలి బాగుండేది.

అలా యాభై ఏళ్ళు, పోనుపోను కొత్త తీగ చుట్టడం కూడా నేనే. ఎన్ని వందల మోటార్లు శ్మశానం నుంచి లేచి తిరిగి బావుల్లోకి దిగాయో నేను లెక్క పెట్టలేదు. ఇప్పుడు మాడిన మోటారును తూకానికి వేసి కొత్తది కొంటున్నారు. ఎండలో పెట్టి గుంజే చేతులు మా ప్రాంతంలో నాకు తెలిసి రెండే, ఆ రెండూ నావే, అవీ డెబ్బైకి దగ్గరపడ్డాయి. నాతోనే పోతుందేమోనన్న ఆ భయంతోనే, ఊరి చివర కొత్తగా పెట్టిన శిక్షణ కేంద్రానికి వెళ్ళాను. అన్ని పరిశ్రమల్లోనూ పచ్చ ఉద్యోగాలు, పచ్చ నైపుణ్యాలు నేర్పుతామని బోర్డు. సోలార్ పంపు, అద్దకాల మిల్లు మురుగునీటి శుద్ధి, తక్కువ కరెంటుతో నడిచే మగ్గం, అన్నీ మంచివే, నేను కాదనను. నేర్పడానికి మనుషులు కావాలన్నారు. దరఖాస్తులో పచ్చ ఉద్యోగంలో అనుభవం ఎన్నేళ్ళు అని ఉంటే యాభై అని రాశాను. నైపుణ్యం ఎక్కడ పొందారు అంటే, వడియాల పక్కన అని రాశాను. అబద్ధం రాయలేను కదా.

ఆ కేంద్రం పెద్ద ఒక అమ్మాయి, మా మనవరాలి వయసు. నా తమిళం నాలుగు మాటలు విని, యాస పట్టేసి, గొంతు తగ్గించి తెలుగులో, "మీరు మనవాళ్ళా తాతా?" అంది. అవునన్నాను. ఇక పని దొరికినట్టే అనుకున్నాను. "మనవాళ్ళే, కానీ మీ పని పచ్చ ఉద్యోగాల పట్టికలో లేదే," అంది. వారానికి అదే ముక్క కాగితం మీద వచ్చింది. నేను మూడు జాబులు రాశాను. మొదటిది కోపంగా, రెండోది ఇంకా కోపంగా. మూడోది రాయబోయి ఆగాను. తొట్టి పక్కన అరిచిన ఆ పంతొమ్మిదేళ్ళవాడే ఇంకా అరుస్తున్నాడని, జుట్టు మాత్రమే తెల్లబడిందని అనిపించి కొంచెం నవ్వొచ్చింది. అందుకని మూడో జాబులో కోపం మానేసి, చుట్లు తీసే పద్ధతి మొదటినుంచి చివరిదాకా బొమ్మలతో గీసి, ఇది ఎవరికైనా చూపించండి చాలు అని రాశాను.

జవాబు పోయిన గురువారం వచ్చింది. తమిళ అక్షరాలు, అయినా తమిళంగా చదివితే అర్థం కాలేదు. పైకి చదివాక తెలిసింది, మన ఇంటి తెలుగునే ఆ అమ్మాయి తనకు వచ్చిన అక్షరాల్లో రాసిందని. (వాత్యారు అంటే మాస్టారు.)

"తాతా, మీ బొమ్మలు మా వాత్యారుకి చూపించినాను, ఆయనకు ఇది తెలియదంట. మీ పనిని పట్టికలో ఎక్కించమని పైకి రాసి ఉండాను, ఎప్పుడు ఎక్కుతాదో తెలియదు. అంతదాకా మిమ్మల్ని వాత్యారని పెట్టుకునే అధికారం నాకు లేదు. అందుకని స్టూడెంటుగా చేర్చినాను. మీరు ముందర నిలబడి చెప్పండి, మా వాత్యారు బెంచీలో కూచుంటాడు. సోమవారం పొద్దున తొమ్మిదికి. లేటుగా వస్తే బయట నిలబెడతాను, మనవాళ్ళే కదా అని చూడను."