కిటికీ తియ్యమన్న పలక

మా టీచరు గారు పోయారని మొన్న పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు కంటే ముందు నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఎందుకో తెలియాలంటే ఆవిడ చదువు నేర్పిన తీరు మీకు చెప్పాలి.

రాయపూర్‌లో, దేవేంద్ర నగర్‌లోని తమ ఇంటి వరండాలో, శనివారం సాయంత్రాలు ఆవిడ మాకు తెలుగు చెప్పేవారు. గుంటూరు వైపు నుంచి రైల్వే పనికో, నర్సు ఉద్యోగానికో వచ్చినవాళ్ల పిల్లలం మేము. బడిలో అంతా హిందీ. మా ఇళ్లలో చదువంటే చప్పుడు. "జోర్‌గా చదవవే, వంటింట్లోకి వినపడాలి" అనేది అమ్మ. నేను వీధి చివరికి వినపడేలా చదివేదాన్ని. దాంతో నాకు పేరు కూడా వచ్చింది.

టీచరు గారి దగ్గర ఆ పేరు పనికిరాలేదు. ఆవిడ పలక మీద ఒక వాక్యం రాసి చూపించేవారు. పైకి చదవకూడదు. అందులో ఏముందో అది చేసి రావాలి. 'చెప్పులు వరసగా పెట్టు' అని ఉంటే మిగతా పిల్లలు లేచి వెళ్లేవాళ్లు. నేను మాత్రం రాగం తీస్తూ చదివేసి, మెచ్చుకోలు కోసం ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడేదాన్ని.

"బాగా పాడావు బేటా. మరి చెప్పులో?" అనేవారు. ఉతికిన గుడ్డపీలిక నా పెదాల మధ్య పెట్టి, "ఇది జారకూడదు. పలక నీతో చెప్తోంది, ఊరితో కాదు" అనేవారు.

ఒక శనివారం నేను మనసులోనే చదువుకుని, లేచి వెళ్లి మంచినీళ్ల కుండ మీద మూత పెట్టొచ్చాను. ఆవిడ నా తల నిమిరారు. అంతకంటే పెద్ద బహుమతి నాకు మళ్లీ రాలేదు.

ఇప్పుడు నేనూ చిన్నపిల్లల టీచర్నే. పోయిన నెల ఆవిడని చూడ్డానికి వాళ్ల ఇంటికి వెళ్లాను. గొంతు ఆపరేషన్ తర్వాత మాట పోయింది. పక్కన పలక ఉంది. దాని మీద రాసి నా వైపు తిప్పారు.

"కిటికీ తియ్యి. గాలి ఆడటం లేదు." ఒక్క అక్షరం తప్పు పోకుండా, గొంతెత్తి చదివాను. "చూశారా టీచరు గారూ, తెలుగు మర్చిపోలేదు!" అన్నాను. ఆవిడ కిటికీ వైపు చూశారు. మళ్లీ నా వైపు చూశారు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, నా క్లాసు పిల్లలు కోరస్‌గా అరుస్తూ చదివే వీడియో ఫోన్లో పెట్టాను. అది అయిపోయేదాకా చూసి, ఆవిడ నా చెయ్యి తట్టి పలక తుడిచేశారు.

తిరిగి వెళ్తూ తెలీబంధా చెరువు దాటాక, ఆటోలో మొహానికి గాలి కొట్టినప్పుడు గాని పలక మీది ఆ మాటలు నాకు అర్థం కాలేదు. వెనక్కి తిప్పమని డ్రైవరుకి చెప్పడానికి నోరు రాలేదు.

నిన్న సమాధుల తోట నుంచి ఆవిడ ఇంటికి వచ్చాక అందరూ ముందు గదిలో ప్రార్థనకి కూర్చున్నారు. నేను తిన్నగా ఆవిడ గదిలోకి, కిటికీ దగ్గరికి నడిచాను. ఎవరో అప్పటికే రెండు రెక్కలూ బార్లా తీసి ఉంచారు. ఖాళీ మంచం మీద దుప్పటి అంచు గాలికి కదులుతోంది.